అదే... అదే...

2022 ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్న పళ్లు తోముకుంటుంటే కుడిచేతిలోంచి బ్రష్ జారిపోయింది. ఏమైందండీ అని మా ఆవిడ అడిగితే చెబుదామని నోరు తెరిచాను, "అదే... అదే..." తప్ప ఇంకేం రాలేదు. రాత్రి నిద్ర లేదు కదా, గ్యాస్ అయ్యుంటుంది, కాసేపు పడుకోండి అంది. పడుకున్నాను. మధ్యాహ్నం మూతి వంకర పోయిందని చూసి ఆసుపత్రికి పరిగెత్తారు. పక్షవాతం అన్నారు. రక్తం గడ్డను కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలట. మేం ఆ టైమంతా నిద్రలో పోగొట్టాం.

చెయ్యి రెండు నెలల్లో దారిలో పడింది, మాట పడలేదు. అఫేసియా అన్నారు. మెదడులో ఎడమవైపు మాటలు కూర్చే చోటికి రక్తం అందక దెబ్బతింది. బుర్ర బాగానే ఉంది, విశాఖ కురుపాం మార్కెట్ దగ్గర నా స్టీలు సామాన్ల కొట్టులో ఏ గిన్నె ఎంతకు కొన్నానో, ఎవరెంత బాకీయో అన్నీ గుర్తే, మాటే దొరకదు. నీళ్లు అడగబోతే "తాళం" అని వచ్చేది. అన్నిటికంటే ఘోరం అవును, కాదు తారుమారవడం. వద్దని తల ఊపుతూ నోటితో అవును అనేవాణ్ణి. బూతులు మాత్రం నిక్షేపంగా వచ్చేవి! అలవాటు మీద వచ్చే మాటల దారి వేరట, అంకెలు, వారాలు, పాటలు కూడా అలాగే వస్తాయని స్పీచ్ థెరపిస్ట్ మేడమ్ చెప్పారు. నేను గురువారం అనాలంటే ఆదివారం నుంచి మొదలెట్టాలి.

1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు చూసిన ఒక పేషెంటు "టాన్" తప్ప ఇంకో మాట అనలేకపోయేవాడట, చివరికి ఆయన పేరే టాన్ అయిపోయిందట. ఇదీ మేడమ్ చెప్పిందే. "అయితే మీరు అదేగారన్నమాట" అంది మా ఆవిడ ఆటోలో. జబ్బు చేశాక ఇద్దరం కలిసి నవ్వింది అప్పుడే.

థెరపీ వారానికి రెండు రోజులు, ఇంట్లో రోజూ గంట. బొమ్మ చూసి పేరు చెప్పడం, ఎడమచేత్తో తాళం వేస్తూ రాగం తీసి "నీ-ళ్లు కా-వా-లి" అనడం. పదాలు వచ్చాక కూడా చివర్లు అతికేవి కావు, "నేను... కొట్టు... వెళ్లు" అన్నట్టుండేది. కానీ నిజం చెప్పాలంటే సగం పాఠాలు ఇంట్లోవాళ్లకే. టీవీ కట్టేయాలి, ఒకసారికి ఒకటే అడగాలి, గట్టిగా అరవకూడదు (నాకు చెవుడు కాదు బాబూ), మాట అందించకుండా పది లెక్కపెట్టేంత సేపు ఆగాలి. ఈ ఆగడం మా తమ్ముడికి ఇప్పటికీ చేతకాదు. ప్రేమతోనే నా మాట లాక్కుని తను పూర్తి చేసేస్తాడు, అదీ తప్పుగా.

మద్దిలపాలెంలో ఒక ఆటో అబ్బాయి "ఏటి గురూ, పొద్దున్నే ఏసేసినావా" అన్నాడు. అప్పట్నుంచి జేబులో కార్డు పెట్టుకుంటున్నాను: "పక్షవాతం వచ్చింది. మీరు చెప్పేది అర్థమవుతుంది. మాట లేటుగా వస్తుంది, కాస్త ఆగండి." సదరం సర్టిఫికెట్ కోసం తిరుగుతుంటే ఒకచోట కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి కదా అన్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మాట, భాషా వైకల్యం కూడా ఉంది. ఆ సంగతి చెప్పడానికి మా అమ్మాయి సెలవు పెట్టి రావాల్సొచ్చింది. వాదించడానికి కావలసిందే నా దగ్గర లేదాయె.

ఇప్పుడు కొట్టుకు వెళ్తున్నాను. మొన్న భీమిలి నుంచి ఒకావిడ ఇడ్లీ పాత్ర కోసం వచ్చింది. ఎన్ని రేకులది అని అడగాలి. "ఎన్ని... ఎన్ని..." మా ఆవిడ నోరు తెరిచి, నన్ను చూసి, మూసుకుంది. నేను "రేకులు" అనేసరికి ఆ వచ్చినావిడ ఆరు రేకులది తనే దించుకుని, ఎంత అంది. ఒకటి నుంచి మొదలెట్టి పదిహేను వందల దాకా లెక్కపెట్టలేను కదా, కాలిక్యులేటర్‌లో కొట్టి చూపించాను.