కరెంటు పోయినా ఆగని కంప్యూటర్ పాఠాలు: నా అనుభవం

పిల్లలకు నేర్పమని నాకిచ్చిన ప్రోగ్రామింగ్ సిలబస్ ప్రతి విద్యార్థికీ ఒక ల్యాప్‌టాప్, నిమిషం ఆగని ఇంటర్నెట్ ఉంటాయనుకుని రాసింది. మా ల్యాబ్‌లో ఉన్నవి పాత కంప్యూటర్లు, ఒక్కోదాని ముందు ముగ్గురు పిల్లలు, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు. కష్టమైన పాఠాలు తీసేసి సరిపెట్టమన్నారు పైవాళ్లు. నేను ఒప్పుకోలేదు. వసతులు తక్కువైతే చదువూ తగ్గిపోవాలా?

ఇంటర్నెట్ సమస్య త్వరగానే తీరింది. కోలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాఠాలు ఒక్కసారి దించుకుంటే చాలు, బయటి నెట్ లేకుండానే ల్యాబ్ అంతా చూసుకోవచ్చు. కరెంటు లేని పూట న్యూజిలాండ్ ప్రొఫెసర్ టిమ్ బెల్, ఆయన సహచరులు రూపొందించిన, కంప్యూటర్ లేకుండానే కంప్యూటర్ సైన్స్ నేర్పే 'సీఎస్ అన్‌ప్లగ్డ్' ఆటలు ఆడించాం. అంకెల కార్డులు పట్టుకున్న పిల్లలు నేల మీద గీసిన దారుల్లో నడుస్తూ, ఎదురైన చోటల్లా అంకెలు పోల్చుకుని, చివరికి చిన్న అంకె నుంచి పెద్ద అంకె దాకా వరుసలో నిలబడతారు. సార్టింగ్, అంటే వరుసక్రమంలో పెట్టడం, అలా అర్థమైంది.

ప్రాజెక్టు దగ్గరే ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. సిలబస్‌లో ఉన్నది ఆన్‌లైన్ షాపింగ్ సైట్. మీకేం పనికొస్తుందని పిల్లల్ని అడిగితే, చంటిపిల్లల టీకా తేదీ గుర్తుచేసే ఎస్సెమ్మెస్ కావాలన్నారు. చాలామంది ఇళ్లలో ఉన్నవి బటన్ ఫోన్లే మరి. తీరా రాస్తే, ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే మెసేజ్ తెలుగులో 70కే నిండిపోయింది. ఎందుకు? ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు, బైటుకు 8 బిట్ల చొప్పున 1120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు, తెలుగుకు యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే పద్ధతిలో) 16 కావాలి. పైగా మనం ఒకే అక్షరంగా చూసే 'క్షే' అక్కడ నాలుగు కింద లెక్క: క, పొల్లు, ష, ఏత్వం. పిల్లలు కాగితం మీద బిట్లు లెక్కగట్టి, వాక్యాలు కుదించి, చివరికి ఒక్క మెసేజ్‌లో ఇమిడ్చారు. ఎన్‌కోడింగ్ గురించి, అంటే అక్షరాల్ని బిట్లుగా మార్చడం గురించి, ఇంతకన్నా మంచి పాఠం నేను చెప్పలేను.

కరెంటు కోతలూ పాఠమే అయ్యాయి. సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఫైలు పాడవొచ్చు. అందుకని ముందు వేరే పేరుతో పూర్తిగా రాసి, తర్వాత దానికి అసలు పేరు పెట్టించాం; మధ్యలో కరెంటు పోయినా పాత ఫైలు అలాగే ఉంటుంది. పెద్ద సాఫ్ట్‌వేర్లు కూడా ఈ పద్ధతి వాడతాయి.

ఈ మార్పులకు పైవాళ్ల అనుమతి దగ్గర కొంత టెన్షన్ పడ్డాం. పాత సిలబస్‌లోని ఏ అంశం ఏ ప్రాజెక్టులో వస్తోందో పట్టిక వేసి చూపించాక ఒప్పుకున్నారు. పరీక్ష పేపరు మాత్రం ఇంకా షాపింగ్ సైట్ చుట్టూనే తిరుగుతోంది. వచ్చే సమావేశానికి పిల్లలు రాసిన ప్రోగ్రాములు పట్టుకెళ్తున్నాం, ప్రశ్నలు వాటి మీద అడగమని.