గూగ్లీ కంటికి కనిపించడానికి రెండు సీజన్లు పట్టింది

నిన్నటి మ్యాచ్‌లో 58 కొట్టాను. అందులో 31 పరుగులు ఒక్క లెగ్ స్పిన్నర్ బౌలింగ్‌లోనే వచ్చాయి. ఆ లెక్క ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. అంతకుముందు రెండు సీజన్లలో అదే బౌలర్ నన్ను నాలుగుసార్లు అవుట్ చేశాడు. నాలుగూ గూగ్లీలే, అంటే ఒకవైపు తిరిగేలా కనిపించి ఇంకోవైపు తిరిగే బంతులే. రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే రాయడానికి కూర్చున్నాను.

ఆఫ్ స్పిన్‌తో నాకు పెద్దగా ఇబ్బంది రాలేదు. కుడిచేతి బ్యాటర్‌ని కాబట్టి బంతి లోపలికే వస్తుంది. బ్యాట్‌కీ ప్యాడ్‌కీ మధ్య సందు లేకుండా చూసుకుని, టర్న్‌తో పాటు మిడ్ వికెట్ వైపు తోస్తే పరుగులు వచ్చేస్తాయి. స్వీప్ కూడా తొందరగానే పట్టుబడింది.

గూగ్లీ దగ్గరే ఆగిపోయాను. అదేమిటో తెలియక కాదు. లెగ్ బ్రేక్ వేస్తున్నట్టే చెయ్యి తిప్పుతాడు, కానీ బయటికి పోవాల్సిన బంతి లోపలికి వస్తుంది. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. మొదటిసారి కవర్ డ్రైవ్‌కి వెళ్తే బ్యాట్‌, ప్యాడ్ మధ్య నుంచి దూరి వికెట్లు లేపేసింది. రెండోసారి షార్ట్‌గా పడిందని కట్ చేయబోయాను, లోపలికి తిరిగి వెనక కాలికి తగిలింది, ఎల్‌బీడబ్ల్యూ (వికెట్లకు వెళ్లే బంతిని కాలితో అడ్డుకున్నందుకు అవుట్).

మూడోసారి జరిగింది మాత్రం ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది. బంతి ఆఫ్ స్టంప్ బయట పడింది. లెగ్ బ్రేక్ అనుకుని బ్యాట్ పైకెత్తి ప్యాడ్ అడ్డం పెట్టాను. అది తిరిగి వచ్చి మోకాలి కింద తగిలింది, అంపైర్ వెంటనే వేలెత్తాడు. షాట్ ఆడే ప్రయత్నమే చేయకపోతే, ప్యాడ్‌కి ఆఫ్ స్టంప్ బయట తగిలినా, వికెట్లకు వెళ్లే బంతైతే ఎల్‌బీడబ్ల్యూ ఇవ్వొచ్చు. ఆ నియమం నాకు తెలుసు. తెలిసి కూడా నిలబడి అవుటయ్యాను. నాలుగో మ్యాచ్‌లో నేను క్రీజులోకి రాగానే వికెట్ కీపర్ బౌలర్‌తో గట్టిగా, నాకు వినపడేలా, 'చెప్పి మరీ వెయ్యరా, అయినా ఆడలేడు' అన్నాడు. షార్ట్ లెగ్‌లో ఉన్నవాడు నవ్వాడు. ఆ మాటకు కోపమొచ్చి మూడో బంతికే క్రీజు వదిలి ముందుకు దూకాను. బంతి నేననుకున్న దానికంటే ముందే కిందికి పడి లోపలికి తిరిగింది, కాళ్ల పక్క నుంచి కీపర్ చేతిలోకి పోయింది, అతను వెంటనే వికెట్లు పడగొట్టాడు. వెనక్కి లాగిన కాలు గీత మీద ఉంది. గీత మీద ఉంటే అవుటే, గీత దాటి లోపల ఏదో కొంత భాగం నేలకు ఆనాలి.

కోచ్‌ని అడిగాను, 'సార్, గూగ్లీని ఎలా గుర్తుపట్టాలి?' అని. 'చెయ్యి చూడు' అన్నారు. చూస్తూనే ఉన్నాను. చేతిలో ఏం చూడాలో రెండేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. పైగా నెట్స్‌లో ఎప్పుడూ బౌలింగ్ మెషీన్ ముందే నిలబెట్టేవారు. మెషీన్‌కి మణికట్టు ఉంటుందా? తెలియని విషయం తెలియదని చెప్పడం తప్పు కాదు, తెలిసినట్టు నటించి పిల్లల సీజన్లు పాడుచేయడం తప్పు. 1998లో ఆస్ట్రేలియా లెగ్ స్పిన్నర్ షేన్ వార్న్‌ని ఎదుర్కోవడానికి సచిన్ ఏం చేశాడు? లెగ్ స్టంప్ బయట పిచ్‌ని గరుకు చేయించి, మాజీ లెగ్ స్పిన్నర్ శివరామకృష్ణన్‌తో అక్కడే బంతులు వేయించుకున్నాడు. చెన్నై టెస్ట్ మొదటి ఇన్నింగ్స్‌లో వార్న్‌కే 4 పరుగులకు దొరికినా, రెండో ఇన్నింగ్స్‌లో 155 నాటౌట్. ఎదురుకాబోయే బంతినే కదా ప్రాక్టీస్ చేయాలి.

చివరికి మా జట్టులో లెగ్ స్పిన్ వేసే కుర్రాడిని బతిమాలుకున్నాను. ఎటు తిరుగుతోందో కనపడేలా బంతికి ఒక సగం తెల్ల టేపు అంటించి, బ్యాట్ లేకుండా క్రీజులో నిలబడ్డాను. బంతి చెయ్యి వదలగానే 'లెగ్' అనో 'గూగ్లీ' అనో అరవడం, అంతే పని. మొదటి రోజు సగానికి సగం తప్పులే. మూడో వారానికి తేడా తెలిసింది. గూగ్లీకి బంతి వదిలే క్షణంలో చేతి వెనుక భాగం మనకు కనిపిస్తుంది, బంతి చిటికెన వేలి వైపు నుంచి వస్తుంది. చాలామంది దాన్ని కొంచెం నెమ్మదిగా, ఎత్తుగా వేస్తారు. చెయ్యి దగ్గర పట్టుకోలేకపోతే గాలిలో సీమ్ (బంతి మీది కుట్టు) ఎటు తిరుగుతోందో చూడాలి, స్లిప్ వైపైతే లెగ్ బ్రేక్, లెగ్ సైడ్ వైపైతే గూగ్లీ. రెండూ తెలియలేదా, లోపలికే వస్తుందనుకుని ఆడండి. బయటికి పోతే ఎక్కువసార్లు బ్యాట్ పక్క నుంచి పోతుంది, వికెట్ మిగులుతుంది.

ఇక కాళ్లు. బంతి పడిన చోటికి పూర్తిగా వెళ్లాలి, లేదా స్టంప్స్ దగ్గరికంటా వెనక్కి వెళ్లాలి. సగం అడుగు వేసి చేతులతో వెతుక్కోవడం వల్లే నేను మొదటిసారి బౌల్డయ్యాను.

గూగ్లీకి పడిపోవడం అవమానమని ఇప్పుడు అనుకోవట్లేదు. 1948లో లండన్‌లోని ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియా దిగ్గజ బ్యాటర్ బ్రాడ్‌మన్ తన చివరి టెస్ట్ ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ లెగ్ స్పిన్నర్ హోలీస్ వేసిన గూగ్లీకే సున్నాకి బౌల్డయ్యాడు. ఇంకో 4 పరుగులు చేసుంటే సగటు 100 అయ్యేది, 99.94 దగ్గర ఆగింది.

నిన్న ఆ బౌలర్ నాకు వేసిన మొదటి గూగ్లీ చెయ్యి వదలకముందే తెలిసిపోయింది. వెనక్కి వెళ్లి మిడ్ వికెట్ మీదుగా ఫోర్ కొట్టాను. తర్వాతిది కూడా ఫోరే. కీపర్ నోట మాట రాలేదు. మ్యాచ్ అయ్యాక బౌలర్ స్వయంగా వచ్చి చెయ్యి కలిపి, 'అన్నా, ఎక్కడ పట్టుకున్నావ్?' అని అడిగాడు. చేతి వెనుక భాగం కాకుండా అతనిలో ఇంకో గుర్తు కూడా ఉంది, బంతి వదలకముందే తెలిసేది అదే. అతనికి చెప్పలేదు, ఇక్కడా రాయను. వచ్చే నెలలో వాళ్లతో ఇంకో మ్యాచ్ ఉంది.