ఎదిగే కాలికి రెండేళ్ళ బూటు కొనొద్దు

మన వైపు పిల్లలకి గౌనో లాగో కుట్టించేటప్పుడు టైలరుతో అందరూ అనే మాట ఒకటే: "ఎదిగే పిల్లలండీ, మడత కాస్త ఎక్కువ ఉంచండి." అమలాపురమైనా, పాలకొల్లయినా ఇదే లెక్క. బడి బూట్లు ఒక నంబరు పెద్దవి కొని, ముందు భాగంలో దూది కుక్కి, రెండేళ్ళు నడిపించేస్తాం. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ లెక్క మనతోపాటు విమానమెక్కి డెన్వరుకీ, కాల్గరీకీ, మ్యూనిక్‌కీ వచ్చేస్తుంది. డిసెంబరులో పిల్ల "క్లాసులో అందరూ స్నోబోర్డింగుకి వెళ్తున్నారు" అనగానే అదే లెక్కతో దుకాణానికి బయల్దేరతాం. అక్కడే మోసం వస్తుంది.

కాలవలో ఈత నేర్చుకోవడానికి మనకి అరటి బోదె ఒక్కటి చాలేది. దానికి కొలతలు లేవు. మంచు అలా కాదు. స్నోబోర్డింగంటే రెండు కాళ్ళూ ఒకే బోర్డుకి బిగించుకుని మంచు వాలు మీద జారడం. కాలు బూటులో ఒక సెంటీమీటరు జరిగితే, ఆ కాలు చెప్పిన మాట బోర్డు వినదు. పిల్ల మడమ ఎత్తి అంచు నొక్కుదామనుకుంటుంది, మడమ బూటులోనే లేచి దిగుతుంది, బోర్డు మాత్రం తన దారిన తాను పోతుంది. "మా అమ్మాయికి భయం ఎక్కువ, రావట్లేదు" అని కన్నవాళ్ళు అనుకునే సందర్భాల్లో తప్పు చాలాసార్లు బూటుది.

అందుకే డబ్బు పెట్టే వరుస మార్చుకోవాలి. ముందు బూట్లు, హెల్మెట్. తరువాత గాగుల్స్, చేతులకి మిటెన్లు (నాలుగు వేళ్ళూ ఒకే అరలో ఉండే తొడుగులు), నీరు దిగని ప్యాంటు. బోర్డు అన్నిటికంటే ఆఖరున. పిల్లల కళ్ళు మాత్రం బొమ్మలేసిన బోర్డు మీదే ఉంటాయి, అది వేరే సంగతి.

బూటు సైజు మోండో అనే కొలతలో ఉంటుంది. అది పాదం పొడవు, సెంటీమీటర్లలో. పిల్లని గోడకి మడమ ఆనించి కాగితం మీద నిలబెట్టండి, బరువంతా ఆ కాలి మీదే ఉండాలి. అన్నిటికంటే పొడుగైన వేలు దగ్గర గీత గీయండి. కొందరికి అది బొటనవేలు కాదు, దాని పక్కది. 21.5 వచ్చిందంటే మోండో 21.5. సాయంత్రం కొలవడం మంచిది, పొద్దున్నకంటే పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. రెండు కాళ్ళూ కొలిచి పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి.

వేసి చూడటం ఇలా. ముందు బూటులోని ఇన్‌సోల్, అంటే లోపలి అట్ట, బయటికి లాగి, దాని మీద పిల్లని నిలబెట్టండి. వేళ్ళ ముందు ఒక సెంటీమీటరుకి మించి ఖాళీ ఉంటే ఆ బూటు పెద్దది. తరువాత బూటు తొడిగి, మడమని రెండుసార్లు నేలకి కొట్టించి వెనక్కి కూర్చోబెట్టి, అప్పుడు బిగించండి. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడకి లీలగా తగలాలి. మోకాళ్ళు వంచితే వెనక్కి జరిగి తగలడం మానాలి. మునివేళ్ళ మీద లేవమనండి. మడమ బూటుని వదిలి పైకి లేస్తే ఆ జత వద్దు. ఇదంతా పది నిమిషాల పని. పది నిమిషాలూ బూట్లతోనే దుకాణంలో తిరగనివ్వండి, కరిచే చోటు ఆపాటికి తెలిసిపోతుంది. కొన్ని కంపెనీలు పిల్లల బూట్లలో ఒక సైజు పెంచుకునే ఏర్పాటు పెడతాయి. లోపలి అట్టలో ఒక పొర తీసేస్తే చోటు వస్తుంది. మన "రెండేళ్ళు" ముచ్చట తీరాలంటే దారి అదొక్కటే.

మేజోళ్ళు ఒక్క జతే. చలి కదా అని రెండు జతలు వేస్తే లోపల ముడతపడి నొక్కుతాయి, రక్తం సరిగా ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి. ఉన్నివో సింథటిక్‌వో, మోకాలి కిందిదాకా వచ్చేవి కావాలి. ఇంకో మాట మన ఆడపిల్లల గురించి. కాళ్ళ పట్టీలు తీయించండి. మువ్వ ఒక్కటి చీలమండకీ బూటుకీ మధ్య ఇరుక్కుంటే గంటలో చర్మం లేచిపోతుంది. నాన్నమ్మ పెట్టిన పట్టీలు తీయకూడదని ఇంట్లో పట్టింపు ఉంటే ఆ ఒక్కపూటకి బ్యాగులో దాచండి.

లేసుల బూటు పిల్లలకి వద్దు. మిటెన్లు వేసుకున్న చేత్తో ముడి వేయలేరు, మనం వంగి మంచులో ఇరవైసార్లు కట్టాలి. తిప్పితే తీగ బిగిసే బోవా చక్రం ఉన్నది సుఖం.

ఇక బోర్డు. గడ్డం దాకా, ముక్కు దాకా అని ఎత్తుతో కొలిచి ఇచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ కొలత మన పిల్లలని దెబ్బతీస్తుంది. పొడుగ్గా, సన్నగా, గాలికి ఊగే కంది మొక్కలా ఉండే పిల్లకి ఎత్తు చూసి ఇచ్చిన బోర్డు బరువుకి వంగదు. బోర్డుకి పిల్ల ఎత్తు తెలియదు, బరువే తెలుస్తుంది. కాబట్టి ముందు తూకం చూసి, కంపెనీ పట్టికలో ఆ బరువు ఏ పొడవుకి ఎదురుగా ఉందో చూడండి. సుమారుగా 25 కిలోల బిడ్డకి 100 నుంచి 110 సెం.మీ. మధ్య వస్తుంది. రెండు సైజుల మధ్య ఊగిసలాడితే నేర్చుకునే పిల్లకి చిన్నదే తీసుకోండి. ఎత్తు ఆఖరున సరిచూసుకోవడానికి మాత్రమే, నిలబెడితే రొమ్ముకీ గడ్డానికీ మధ్యన ఉంటే సరే.

దాని ఒంపు కూడా చూడాలి. బోర్డుని చదునైన నేల మీద పెట్టి పక్కనుంచి చూడండి. నడుమ పైకి లేచి రెండు చివరల దగ్గర నేలకి ఆనితే అది క్యాంబరు. వేగంలో, గట్టి మంచు మీద పట్టు బాగుంటుంది, కానీ కొత్తవాళ్ళకి అంచు చటుక్కున తగులుకుని బోర్లా పడేస్తుంది. లంకకి వెళ్ళే నావలా నడుమ నేలకి ఆని, రెండు చివరలూ లేచి ఉంటే రాకరు. అది సులువుగా తిరుగుతుంది, తప్పులు క్షమిస్తుంది, ఐసు మీద మాత్రం జారిపోతుంది. మొదటి రెండు సీజన్లకి మధ్య భాగం చదునుగా, చివరలు కాస్త లేచినది బాగా సరిపోతుంది. చేత్తో పట్టి వంచితే మెత్తగా వంగాలి. ముందూ వెనకా ఒకే ఆకారం ఉండాలి, అప్పుడు ఏ కాలు ముందో తేలకపోయినా ఇబ్బంది లేదు.

పెద్ద బజార్లలో బొమ్మల పక్కన అమ్మే ప్లాస్టిక్ బోర్డు కొనకండి. దానికి ఇనుప అంచు ఉండదు. కొడవలికి పదును లేకపోతే కోత ఎలా ఉంటుందో గట్టి మంచు మీద అది అలా ఉంటుంది. ఇంటి వెనక గుట్ట మీద జారడానికి తప్ప దేనికీ పనికిరాదు.

బూటుని బోర్డుకి పట్టి ఉంచేవి బైండింగులు. వాటిని బూటు సైజుని బట్టి కొనాలి, బోర్డుని బట్టి కాదు. బూటు పెట్టి పట్టీలు బిగిస్తే, పట్టీ మెత్త బూటు నడుమ మీద కూర్చోవాలి, ఒక పక్కకి ఒరగకూడదు. బర్టన్ కంపెనీ బోర్డుల్లో చాలావాటికి బైండింగు బిగించే రంధ్రాల బదులు పొడవాటి గాడి ఉంటుంది, మిగతా కంపెనీల్లో ఎక్కువగా నాలుగేసి రంధ్రాల వరస. వేరు వేరు చోట్ల కొంటే బైండింగు డిస్కు రెండోదానికి పడుతుందో లేదో ముందే అడగాలి. పట్టీ లేకుండా తొక్కితే క్లిక్కుమనే స్టెప్ ఆన్ పిల్లలకి సరదాగానే ఉంటుంది. కానీ ఆ పద్ధతికి తయారైన బూట్లే కావాలి. ఏటా మారే కాలికి అది ఖర్చు పని.

ఏ కాలు ముందు? సాక్సు వేసి టైల్స్ నేల మీద పరుగెత్తి జారమనండి. ఏ కాలు ముందుకొస్తే అదే. చేలోని పంట బోదె దూకేటప్పుడు ముందుపడే కాలు కూడా ఒక ఆనవాలే, కానీ జారడం ఇంకా నమ్మకం. ఎడమ ముందైతే రెగ్యులర్, కుడి ముందైతే గూఫీ. మొదట్లో ముందు కాలు ప్లస్ 12, వెనక కాలు మైనస్ 12 డిగ్రీలు, బాతు పాదాల్లా. పాదాల మధ్య దూరం భుజాల వెడల్పుకి కొంచెం ఎక్కువ. బైండింగులో పిక్క వెనక ఉండే ఆనుడు పలక ముందుకి వాలకుండా సున్నా మీద పెట్టండి. లేకపోతే పిల్ల రోజంతా మోకాళ్ళు వంచుకునే ఉండాలి. స్క్రూలు ఒక్కొక్కటీ పూర్తిగా కాకుండా, మంచం పట్టె బిగించినట్టు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. మూడో నంబరు స్టార్ స్క్రూడ్రైవరు జేబులో ఉంచుకోండి, మొదటి జారుడు కాగానే మళ్ళీ చూడండి. వదులయ్యేది అప్పుడే. బిగించాక బూటు పెట్టి బోర్డుని వాల్చి చూడాలి. మడమ వైపూ వేళ్ళ వైపూ ఒకటి రెండు సెంటీమీటర్లు బయటికి రావచ్చు. అంతకు మించితే మలుపులో బూటు మంచుకి తగిలి పడేస్తుంది.

హెల్మెట్ విషయంలో బేరం లేదు. సైకిలుది సరిపోదు. లోపల ఏఎస్‌టీఎం ఎఫ్2040 అనో, ఈఎన్ 1077 అనో మంచు ఆటల భద్రతా ముద్ర ఉండాలి. ఎవరో వాడింది తీసుకోవద్దు. ఒకసారి గట్టి దెబ్బ తిన్నది పైకి బాగున్నా లోపలి ఫోము నలిగి ఉంటుంది. కనుబొమల పైన రెండు వేళ్ళ ఎత్తులో టేపు చుట్టి తల కొలవండి. తొడిగి, పట్టీ పెట్టకుండా తల అటూ ఇటూ ఊపితే నుదుటి చర్మం దానితో కదలాలి. కొప్పు గానీ, నడినెత్తిన పిలక గానీ ఉంటే హెల్మెట్ కూర్చోదు. మెడ మీద పడే ఒంటి జడ వేయండి, క్లిప్పులు వద్దు, బుట్టలు తీసేయండి. తలకి ఆ రోజు నూనె పెట్టకండి. మన కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ధనుర్మాసంలో సీసా వాకిట్లో పెట్టి కరిగించిన ఇళ్ళ వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. హెల్మెట్ మెత్తలకి పట్టిన నూనె ఓ పట్టాన పోదు, వాసన మిగులుతుంది.

గాగుల్స్‌కీ హెల్మెట్‌కీ మధ్య నుదురు కనపడకూడదు. తాజా మంచు అతినీల లోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకీ అవి దాదాపు పది శాతం పెరుగుతాయి. మబ్బు రోజున కూడా తీయనివ్వొద్దు. ఎండకి ముదురు రంగు అద్దం, మబ్బుకి పసుపో గులాబీయో. ఒక్కటే కొంటే మధ్యరకం, అంటే ఎస్2 అనే గుర్తున్న అద్దం. కళ్ళజోడు ఉన్న పిల్లలకి దాని మీద పట్టేవి వేరే ఉంటాయి. ఆవిరి పడితే లోపలి వైపు తుడవకండి, పైపూత గీతలు పడుతుంది.

బట్టల్లో మనం చేసే తప్పు ఒకటే, బనియను. లోపల నూలు బనియను వేసి, దాని మీద ఎన్ని వేసినా లాభం లేదు. చెమట పీల్చుకుని ఒంటికి అంటుకుంటుంది, వాలు పైకి తీసుకెళ్ళే లిఫ్టు కుర్చీలో కూర్చోగానే ఐసు ముక్కలా తగులుతుంది. మెరినో ఉన్నిదో పాలియెస్టరుదో ఒక పొర, మీద ఫ్లీసు, ఆపైన నీరు దిగని జాకెట్టు, ప్యాంటు. నేర్చుకునేవాళ్ళు సగం సేపు మంచులో కూర్చునే ఉంటారు కాబట్టి ప్యాంటు లేబులు మీద నీటి తట్టుబడి కనీసం 10,000 మి.మీ. అని ఉందో లేదో చూడండి. చలి అమ్మకి వేస్తే స్వెట్టరు బిడ్డకి వేయడం మన అలవాటు. కింద కదలకుండా నిలబడి చూసే అమ్మకి చలి ఎక్కువే. పడుతూ లేస్తూ ఉండే బిడ్డకి చెమట పడుతుంది. మఫ్లరు అసలు వద్దు, లిఫ్టులో చిక్కుకుంటుంది. మెడకి తొడిగే గొట్టం లాంటిది కొనండి. మణికట్టు గార్డులు తప్పనిసరి. స్నోబోర్డు నేర్చుకునేవాళ్ళకి ఎక్కువగా దెబ్బ తగిలేది అక్కడే, పడేటప్పుడు చేతులు ముందుకు చాస్తారు కాబట్టి.

మొదటి ఏడు బోర్డు, బైండింగులు సీజను అద్దెకి తీసుకుంటే చాలు. పాత బోర్డు కొంటే నాలుగు చోట్ల చూడండి: అడుగున చెక్క కనిపించేంత గాయం, ఇనుప అంచులో పగులు, చివర్లలో పొరలు విడటం, స్క్రూ రంధ్రం మర అరగడం. పైపై గీతలు, పల్చటి తుప్పు పట్టించుకోనక్కర్లేదు.

సంక్రాంతికి ఊరొచ్చి, భీమవరం మేనమామ పిల్లలని కూడా వెంటేసుకుని కాశ్మీరులోని గుల్మార్గ్ వెళ్ళే కుటుంబాలు ఉన్నాయి. సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తున ఉండే ఊళ్ళ నుంచి ఒక్కసారిగా సుమారు 2,650 మీటర్లకి. మొదటి రోజు ఎక్కువగా తిరగనివ్వకండి, నీళ్ళు తాగించండి. బోర్డులు అక్కడ అద్దెకి దొరుకుతాయి. బూట్లు, హెల్మెట్, గాగుల్స్ మాత్రం ఎవరివి వాళ్ళు మోసుకెళ్ళడం మంచిది. పైకి తీగ మీద నడిచే గొండోలా 3,900 మీటర్లు దాటి వెళ్తుంది కానీ, ఆ పై వాలు పిల్లలకి కాదు. అక్కడ మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉంది. కింది మెత్తటి వాలులోనే నేర్పించండి.

తిరిగొచ్చి అమ్మమ్మగారింట్లో సామాను దింపాక ఇంకో పని మిగులుతుంది. కోనసీమ గాలిలో తేమ, ఉప్పు రెండూ ఎక్కువ. తడి బోర్డు సంచిలోనే వదిలేస్తే రెండు రోజుల్లో అంచు ఎర్రబడుతుంది. పొడి గుడ్డతో తుడిచి, అంచుల మీదుగా కూడా మైనం రుద్ది పెట్టండి. అటక మీద వద్దు, రేకుల వేడికి పొరల జిగురు సడలుతుంది. బూట్ల లోపలి మెత్త బయటికి లాగి, రెండింటిలోనూ పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టండి, పేపరు తడిసినప్పుడల్లా మార్చండి. వడియాలు, తాండ్ర ఎండబెట్టినట్టు డాబా మీద మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. లోపలి ఫోము కుంచించుకుపోయి, దుకాణంలో సరిపోయిన మడమ ఇంక ఊగుతుంది. పూర్తిగా ఆరాక గుడ్డ సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో పెడితే ఉగాదికల్లా బూజు పడుతుంది.