ముధోల్ కుక్క పెంపకం: మా మల్లికి పది నెలలు

ముందు కొలతలు. ఎత్తు 65 సెంటీమీటర్లు, బరువు 19 కిలోల పైచిలుకు. పోయిన నెలతో పోలిస్తే ఎత్తు దాదాపు ఆగింది, బరువు కొద్దిగా పెరిగింది. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఈ జాతిని కారవాన్ హౌండ్ అని నమోదు చేస్తుంది. అక్కడి ప్రమాణం ప్రకారం మగది సుమారు 68 నుంచి 72 సెంటీమీటర్లు, ఆడది 64 నుంచి 68. పెద్దయ్యాక బరువు 22 నుంచి 28 కిలోల మధ్య ఉంటుంది. మల్లి ఎత్తులో సరిపోయింది. ఇక నిండాల్సింది ఛాతీ, తొడలు. వాటికి రెండేళ్లు వచ్చేదాకా టైముంది.

ఎత్తు కొలిచేది తల దాకా కాదు, మెడ దిగువన రెండు భుజాల ఎముకలు కలిసే మూపు దాకా. టేపును ఒంటికి ఆనించి కొలిస్తే ఒంపు వల్ల ఎక్కువొస్తుంది. మేం గోడ పక్కన నిటారుగా నిలబెట్టి, మూపు మీద పిల్లల పరీక్ష అట్టను అడ్డంగా పెట్టి, గోడకు పెన్సిల్ గీత గీస్తాం. కుక్కను పంపేశాక నేల నుంచి ఆ గీత దాకా కొలుస్తాం. బరువైతే దాన్ని ఎత్తుకుని తూకం మిషన్ ఎక్కి, తర్వాత నా బరువు తీసేస్తాను.

హన్మకొండలో ముధోల్ అనగానే చాలామంది మన నిర్మల్ జిల్లా ముధోల్ అనుకుంటున్నారు. ఇది కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్. ఆ సంస్థానాన్ని ఏలిన ఘోర్పడే వంశపు రాజా మాలోజీరావు ఈ జాతిని పోషించి, ఒక జతను ఇంగ్లండ్ రాజు ఐదో జార్జికి కానుకగా ఇచ్చాడు. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల మీద బిళ్లలు వేసినప్పుడు రాజపాళయం, రాంపూర్, హిమాలయన్ షీప్‌డాగ్‌లతో పాటు దీనికీ చోటిచ్చింది. 2016లో మీరట్ ఆర్మీ కేంద్రానికి ముధోల్ పిల్లలను శిక్షణకు తీసుకెళ్లారు. ఇంత చరిత్ర ఉన్న మన దక్కను కుక్కను వదిలి, మే నెల వరంగల్ ఎండలో చలిదేశపు హస్కీని ఏసీ గదిలో కట్టేసి పెంచుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇప్పుడు అందరూ అడిగే సంగతి. పక్కింటి పెద్దమ్మ గేటు దగ్గర ఆగి రోజూ ఇదే మాట: "ఏంది బిడ్డా, గీ కుక్కకు బువ్వ పెడ్తలేరా? బొక్కలన్నీ లెక్కవెట్టొచ్చు."

"పెడ్తున్నం పెద్దమ్మా, దీని జాతే గట్లుంటది" అంటే నమ్మదు. సందు చూసుకుని ఒక రొట్టె లోపలికి వేస్తుంది.

ముధోల్ ఒళ్లు పరుగు కోసం తయారైంది. తల పొడవుగా, సన్నగా ఉంటుంది. దవడలు పొడుగు, పట్టు గట్టిది, పై పళ్లు కింది పళ్ల మీదుగా కత్తెరలా కలవాలి. చెవులు తలకు ఆనుకుని వేలాడతాయి. మెడ పొడుగు, ఛాతీ లోతు, పొట్ట పైకి లాగేసినట్టు ఉండాలి. తోక కిందుగా మొదలై సహజమైన ఒంపుతో ఉంటుంది. వెంట్రుకలు పొట్టివి. రంగు ఏదైనా ఫరవాలేదు. చివరి రెండు మూడు పక్కటెముకలు కనపడటం ఆరోగ్యమే. నేను చూసేది తొడల కండ, వెన్నుపూసకు రెండు పక్కలా ఉండే కండ. వెన్ను మీద చెయ్యి పెట్టి నిమిరితే ఎముక ముళ్లలా గుచ్చుకుంటే తిండి చాలట్లేదని. ఎముక తెలుస్తూ పక్కల గట్టిగా కండ తగిలితే సరిపోయినట్టే. మల్లికి తగులుతోంది. దాన్ని లాబ్రడార్‌లా నింపితే ఆ బరువంతా సన్నటి కాళ్ల కీళ్ల మీద పడుతుంది.

తిండి రెండు పూటలు. పొద్దున ఉప్పు కారం లేకుండా ఉడికించిన కోడి మాంసం, కొంచెం అన్నం, గుమ్మడికాయ ముక్కలు. సాయంత్రం జొన్న గటక, ఉడికించిన గుడ్లు, పెరుగు. ఉల్లిగడ్డ తగలనివ్వం, వండిన బొక్కలు అసలు పెట్టం. పరుగుకు ముందూ వెనకా గంటకు పైగా తిండి ఉండదు.

ఒంటి మీద కొవ్వు లేక బండల మీద పడుకుని మోచేతులు కాయలు కాశాయి. పాత చీరలతో కుట్టిన బొంత నాలుగు మడతలు వేసి పరిచాక తగ్గుతున్నాయి. చలికాలానికి పాత ఉన్ని శాలువాతో ఒక చొక్కా కుట్టించాలి. మెడ కంటే తల సన్నం కాబట్టి మామూలు మెడపట్టా వెనక్కి లాగితే జారిపోతుంది. రెండంగుళాల వెడల్పుతో, లాగినప్పుడు కాస్త బిగుసుకుని ఆగిపోయేలా చెప్పులు కుట్టే ఆయనతో తోలు పట్టా చేయించాను. లోపలివైపు మెత్తని గుడ్డ వేసి కుట్టాడు, మెడ వెంట్రుకలు రాలడం ఆగింది.

గుణం గురించి కొత్తగా తెచ్చుకునేవాళ్లు బాగా ఆలోచించుకోవాలి. ఇది ఇంటివాళ్లను ప్రాణంగా చూసుకుంటుంది, బయటివాళ్లు ముట్టుకుంటే ఇష్టపడదు. చుట్టాలొస్తే మొరగదు, కరవదు, లేచి అవతలి గదిలోకి వెళ్లిపోతుంది. మా బావగారు "కుక్కంటే తోక ఊపాలి గదరా" అంటారు. నేను ఎవరి ఒళ్లోకీ దాన్ని తోయను. పిలవకుండా వాళ్లను పక్కకు చూస్తూ కూర్చోమంటాను, అదే వచ్చి వాసన చూసుకుంటుంది. బలవంతం చేసిన బిడియపు కుక్క భయంతో కరుస్తుంది. గట్టిగా అరిచి నేర్పాలన్నా ఇది నేర్చుకోదు, ముడుచుకుంటుంది. మెల్లగా మాట, చేతిలో గుడ్డు ముక్క, అంతే.

పరుగు వరి కోతలయ్యాక హసన్‌పర్తి వైపు మడికట్లలో, పొద్దు పొడిచేలోపు. పొడవాటి నూలు తాడు ఉండాల్సిందే. ఇది వాసనతో కాక చూపుతో వేటాడే జాతి. దూరంగా మేకపిల్ల కదిలినా మెడ సాచి, ఒళ్లంతా బిగబట్టి నిలబడుతుంది. ఆ బిగువు రాగానే పిలవాలి, అడుగు పడ్డాక పిలిస్తే వినపడదు. మేకలు లేనప్పుడు "మల్లీ, రా" అంటే ఇప్పుడు వెంటనే వస్తోంది. మేకలుంటే రావట్లేదు, కాబట్టి తాడు విప్పే ఆలోచన ఇప్పట్లో లేదు. కుందేళ్లను తరమనివ్వడం నేరం కూడా. ఇంటికొచ్చాక చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో గోమార్లు వెతికి తీస్తాను, టిక్ ఫీవర్ ఇక్కడ మామూలే.

వచ్చే నెలల్లో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. గ్రేహౌండ్‌లాంటి సన్నజాతులకు థయోపెంటోన్ మత్తు ఒంట్లోంచి ఆలస్యంగా దిగుతుంది. అందుకే తేదీ ఖాయం చేసుకునే ముందే డాక్టర్‌గారికి జాతి పేరు, ఆ రోజు తూచిన బరువు కాగితం మీద రాసిచ్చి, ఏ మత్తు వాడతారో అడిగి తెలుసుకోబోతున్నాను.