టర్కీ వాళ్ల అమ్మమ్మ, మన బాపమ్మ

టర్కిష్‌లో అమ్మని 'అన్నె' అంటారు. అమ్మమ్మని ఏమంటారంటే 'అన్నెఅన్నె'. అమ్మ పక్కన ఇంకో అమ్మ, అంతే, అచ్చం మనలాగే! నాన్న 'బాబా' కాబట్టి నాన్న వాళ్లమ్మ 'బాబాఅన్నె', తెలంగాణలో బాపు వాళ్లమ్మని బాపమ్మ అన్నట్టు. మరి తాతయ్య? 'దెదె'. ఏ వైపు తాతైనా దెదెనే. మన దగ్గరా అంతేగా, అమ్మమ్మ వేరు, నానమ్మ వేరు, తాతయ్య మాత్రం ఎటువైపు ఆయనైనా తాతయ్యే, ఏ తాతో తెలియాలంటే 'అమ్మ వాళ్ల నాన్న' అని విడమరిచి చెప్పుకోవాల్సిందే. ఒకదానికొకటి ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు, అవ్వల దగ్గర పట్టింపుగా ఉండి తాతల దగ్గర వదిలేయడం నాకైతే భలే నచ్చింది.

స్వీడన్ వాళ్లు తాతల్నీ వదల్లేదు. 'మోర్' అమ్మ, 'ఫార్' నాన్న. ఇక మోర్మోర్, ఫార్మోర్, మోర్ఫార్, ఫార్ఫార్. లెక్క తేలిపోయింది. పక్కనే ఉన్న డేనిష్‌లో ఇవి ఉంటూనే ఇంకో మాట కూడా ఉంది, 'బెస్టెమోర్', అంటే అందరికన్నా మంచి అమ్మ అని. (కన్నతల్లి ఫీలవదా మరి?)

చైనీస్‌కి వస్తే వ్యవహారం కాస్త గుచ్చుకుంటుంది. నానమ్మ 'నైనై', అమ్మమ్మ 'వైపో'. ఆ 'వై'కి అర్థం బయట. కూతురు పెళ్లయి పరాయింటికి పోయింది కాబట్టి ఆమె వైపు వాళ్లంతా బయటివాళ్లన్నమాట! కొరియన్‌లోనూ అమ్మమ్మని పిలిచే మాటకి ముందు ఇదే 'బయట' తగిలిస్తారు. ఉత్తర చైనాలో అమ్మమ్మకి 'లావ్‌లావ్' అనే వేరే మాట వాడుకలో ఉంది, అందులో ఈ గోల లేదు. 2018లో షాంఘైలో రెండో తరగతి పుస్తకంలోని ఒక పాఠంలో రచయిత రాసిన 'వైపో'ని తీసేసి 'లావ్‌లావ్' పెట్టారు. ఇంకేముంది, జనం మండిపడ్డారు, మా అమ్మమ్మని మేం పిలిచే పిలుపు తీసేయడానికి మీరెవరని. చివరికి పాత మాటే మళ్లీ పెట్టాల్సి వచ్చింది. బయటామె అనే అర్థం ఉన్నా సరే వాళ్లకి ఆ పిలుపే కావాలి. పిలిచేవాడు అర్థం వెతుక్కుంటూ పిలవడు కదా.

ఇంగ్లీష్ సంగతి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. పూర్వం 'ముసలి తల్లి' అనే అర్థంలో సొంత మాట ఉండేది, ఫ్రెంచ్ నుంచి 'గ్రాండ్' వచ్చి దాన్ని తోసేసింది. ఎవరి తల్లో మాత్రం అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పదు. సబ్‌టైటిల్స్‌లో అమ్మమ్మా నానమ్మా ఇద్దరూ 'గ్రాండ్‌మా' అయిపోతే ఎవరు ఎవరి తల్లో అర్థంకాక కథ సగం పోతుంది.

ఇక్కడో జాగ్రత్త. లాటిన్‌లో అవ్వని 'అవియా' అంటారు, పోర్చుగీస్ 'అవొ', స్పానిష్ 'అబుఎలా' ఆ కుటుంబంలోవే. మన 'అవ్వ'కి దగ్గరగా ఉందని చంకలు గుద్దుకోనక్కర్లేదు, అది వట్టి కాకతాళీయం. పసిపిల్లల నోట ముందు పలికేవి మ, బ, ప, న లాంటివే కాబట్టి ఇంట్లో వాళ్ల పిలుపులన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయని రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త ఎప్పుడో చెప్పాడు. ఏ శబ్దం ఎవరికి అంటుకుంటుందన్నది ఆయా భాష ఇష్టం. టర్కిష్‌లో నాన్న అయిన 'బాబా' రష్యన్‌లో ముసలావిడ, 'బాబుష్క' దాంట్లోంచి పుట్టిందే. జార్జియన్‌లో అయితే ఏకంగా 'మామా' అంటే నాన్న, 'దెదా' అంటే అమ్మ!

జపనీస్‌లో 'ఒబసన్' అంటే అత్త, పిన్ని లాంటి వరస, 'ఒబాసన్' అంటే అవ్వ. తేడా అంతా దీర్ఘంలోనే. తెలుగువాళ్లకి అదేం కష్టం కాదు గానీ, దీర్ఘం పొరపాటున పడిందంటే ఎదురుగా ఉన్న నలభై ఏళ్ల ఆంటీ కాస్తా ముసలమ్మ అయిపోతుంది, చూసుకోండి.