పళ్లతో చింపిన పాల ప్యాకెట్

మొదట మొరాయించింది పాల ప్యాకెట్. పొద్దున్నే అయిదున్నరకి మూల పట్టుకుని చింపబోతే బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకి రాలేదు. "ఏటమ్మా, పాలింకా పొయ్యెక్కలేదేటి?" అని హాల్లోంచి అత్తగారు. పళ్లతో చింపాను. తర్వాత ఏడాది పొడుగునా పళ్లతోనే.

చూపించుకుంటే చికున్‌గన్యా నొప్పులన్నారు, ఆర్నెల్లలో వాటంతటవే పోతాయన్నారు. పోలేదు. తొమ్మిది దాటితే గానీ వేళ్లు విడేవి కావు. ఎంవీపీ కాలనీ రైతుబజారు నుంచి కూరల సంచి మోచేతికి తగిలించుకుని వచ్చేదాన్ని. రెండు చేతుల్లోనూ ఒకే కణుపులు వాచాయని గమనించింది చివరికి కీళ్ల స్పెషలిస్టు డాక్టరమ్మే. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల మీద పడే జబ్బు.

వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్ మాత్ర (రోజూ వేసుకుంటే ప్రాణమ్మీదికొస్తుందని చీటీలో రెండుసార్లు గీత గీశారు) సగమే పనిచేసింది. అప్పుడు సైటోకైన్ల సంగతి చెప్పారు. రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లవి, చిన్న చిన్న ప్రోటీన్లు. కణం మీదున్న గ్రాహకానికి అతుక్కోగానే లోపల జన్యువులు మేలుకుంటాయి, ఆ కణమూ మరిన్ని సైటోకైన్లు వదులుతుంది. మామూలుగా పనయ్యాక ఐఎల్-10 లాంటి సైటోకైన్లే వచ్చి ఇక చాలంటాయి. నా కీళ్లలో ఆ మాట వినేవాళ్లు లేరు. టీఎన్‌ఎఫ్ అనే సైటోకైన్ కేకలేస్తూనే ఉంది. ఐఎల్-6 అనే ఇంకోటి కాలేయం దాకా పోయి, వాపు ఎంతుందో చెప్పే ప్రోటీన్ సీఆర్‌పీ తయారు చేయిస్తుందట. నా రిపోర్టులో ఆ అంకె ఎందుకు దిగట్లేదో అప్పుడర్థమైంది.

1992లో లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీ అనే ఇద్దరు పరిశోధకులు ఒక్క టీఎన్‌ఎఫ్‌ని పట్టుకునే యాంటీబాడీని రోగులకిచ్చి చూశారు. ఆ దారిలో వచ్చిందే నాకు రాసిన అడాలిముమాబ్ ఇంజెక్షన్, రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాములు.

కానీ వెంటనే ఇవ్వలేదు. ఒంట్లో నిద్రపోతున్న క్షయ క్రిముల చుట్టూ కణాల గోడ నిలబెట్టేదీ ఈ టీఎన్‌ఎఫే. దాన్ని అడ్డుకుంటే గోడ కూలి టీబీ లేస్తుంది. నా టీబీ పరీక్ష పాజిటివ్. అందుకని ముందు నెల్లాళ్లు ఐసోనియాజిడ్ అనే టీబీ మందు, మధ్యలో లివర్ పరీక్షలు. ఇన్నాళ్లూ నేను తిట్టుకున్నది నా కాపలాదారునన్నమాట!

ఇంజెక్షన్ డబ్బా ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె పక్కన. కరెంటు పోతే మా ఆయన తలుపు తియ్యనివ్వరు. "దీనికి కొత్తల్లుడి మర్యాదలేటి," అంటారు అత్తగారు.

మూడోది పడ్డాక ఒకరోజు గడియారం చూస్తే ఆరున్నర. కాఫీ అప్పటికే తాగేశాను. కుడి ఉంగరపువేలు మాత్రం పక్కకి ఒరిగే ఉంది, అదిక తిరగదట. ఐసోనియాజిడ్ ఇంకా మూడు నెలలుంది. పరగడుపునే వేసుకోమని అత్తగారే గుర్తుచేస్తారు.