అక్కడ బస్సులో ఎవరూ పలకరించరంట కదా!

సెలవు మీద చిత్తూరు వచ్చినప్పుడల్లా ఇంటికొచ్చినవాళ్లు ముందు జీతం సంగతి అడుగుతారు, ఆ తర్వాత ఈ మాట. "సింగపూర్‌లో పక్క సీట్లో మనిషి కూర్చున్నా పలకరించరంట కదా పాపా? అందరూ ఫోన్లలోనే ఉంటారంటనే!" మా పిన్నికైతే ఇది నమ్మలేని సంగతి. ఆమె చిత్తూరులో తిరుపతి బస్సెక్కితే పూతలపట్టు దాటేలోపు పక్కావిడది ఏ ఊరో, ఎవరి బిడ్డో తెలుసుకుంటుంది. చంద్రగిరి వచ్చేసరికి ఆవిడ కూతురికి సంబంధం కూడా చెప్పేస్తుంది.

నేను సింగపూర్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుని. ఊట్రం పార్క్ స్టేషన్‌లో రైలెక్కి హౌగాంగ్‌లో దిగుతాను. అక్కడి నుంచి గదికి బస్సు. 2003లో మొదలైన ఈ నార్త్ ఈస్ట్ లైన్ మొత్తం భూమి కిందే నడుస్తుంది, రైలుకి డ్రైవర్ ఉండడు. బస్సుకి డ్రైవర్ ఉంటాడు కానీ కండక్టర్ ఉండడు. ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి కార్డు తాకిస్తే ఎంత దూరం పోయామో అంత చార్జీ పడుతుంది. రైలు దిగి 45 నిమిషాల్లోపు బస్సెక్కితే రెండూ ఒకే ప్రయాణం కింద లెక్క. ఇంత పద్ధతిగా నడిచే చోట మనుషులతో పనేముందని కొత్తలో నాకూ అనిపించేది. రైల్లో వినపడేవల్లా ఇంగ్లీషు, చైనీస్, మలయ్, తమిళంలో చెప్పే జాగ్రత్తలే. చిత్తూరోళ్లకి తమిళం కొత్త కాదు కాబట్టి ఆ నాలుగోది చెవిన పడితే కాట్పాడి స్టేషన్‌లో నిల్చున్నట్టుండేది. అంతకు మించి పలకరింపు లేదు.

రోజులు గడిచేకొద్దీ సంగతి అర్థమైంది. మన బస్సుల్లో ముందు మాట కలుస్తుంది, తర్వాత సాయం చేసుకుంటాం. అక్కడ సాయం ముందే జరిగిపోతుంది. మాట కలవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి కలవనే కలవదు.

రాత్రి డ్యూటీ దిగి పొద్దున 8 దాటాక రైలెక్కితే కళ్లు నిలవవు. ఆ వేళకి జనమంతా ఊళ్లోకి వస్తుంటారు, నేను ఊరి నుంచి బయటికి పోతుంటాను. అందుకని సీటు దొరుకుతుంది. నేనెప్పుడూ ఎక్కే డబ్బాలోనే ఒక చైనా పెద్దావిడ, చక్రాల సంచిలో కూరగాయలు పెట్టుకుని కూర్చునుండేది. ఒకనాడు ఒళ్లు తెలియని నిద్రలో ఉండగా మోచేతి మీద ఎవరో రెండు వేళ్లతో తట్టారు. కళ్లు తెరిస్తే ఆమె. "గర్ల్, నెక్స్ట్ స్టాప్" అంది. ఆమె దిగేది అక్కడ కాదు, ఇంకా ముందుకు పోవాలి. నేను రోజూ ఎక్కడ దిగుతానో ఎప్పుడు కనిపెట్టిందో, ఒక్క మాటైనా మాట్లాడకుండా గుర్తు పెట్టుకుంది. ఆ పొద్దు నుంచి ఆమె పక్కన చోటుంటే అక్కడే కూర్చునేదాన్ని. నిశ్చింతగా నిద్రపోయేదాన్ని. నేను దిగే స్టేషన్‌కి ముందొచ్చే కోవన్ దాటగానే ఆ రెండు వేళ్లు తట్టేవి.

చైనా కొత్త సంవత్సరం రోజుల్లో నా చేతిలో రెండు కమలాపళ్లు పెట్టింది. అవి ఎప్పుడూ జంటగానే ఇవ్వాలంట, తీసుకున్నవాళ్లు తిరిగి రెండివ్వాలంట. మా వార్డులో వాళ్లు చెప్పారు. రైల్లో ఏమీ తినకూడదు, 500 డాలర్ల దాకా జరిమానా పడుతుంది. కాబట్టి బ్యాగులో వేసుకుని గదికి పోయాక తిన్నాను. మరుసటి రోజు నేను రెండు పళ్లు ఇస్తే ఆమె రెండు చేతులతో అందుకుంది.

బస్సులో నా కళ్లతో చూసిన ఒక దృశ్యం మాత్రం మా వాళ్లందరికీ చెప్తాను. స్టాపులో చక్రాల కుర్చీలో ఒక తాత ఉన్నాడు. డ్రైవర్ బస్సాపి, సీట్లోంచి లేచి వచ్చి, గడప దగ్గర మడతపెట్టి ఉన్న పలకని తెరిచి నేల మీదికి వాల్చాడు. తాతని లోపలికి తోసుకొచ్చి, కుర్చీని దాని చోట నిలబెట్టి, బ్రేకు పడిందో లేదో వంగి చూశాడు. "అంకుల్, ఎక్కడ దిగుతావు?" అని అడిగి, మళ్లీ పలక మడిచి, అప్పుడు పోయి స్టీరింగ్ పట్టుకున్నాడు. అంతసేపూ లైన్లో ఉన్నవాళ్లు తాత ఎక్కేదాకా ఆగారు. లోపలున్నవాళ్లలో ఒక్కరూ గడియారం చూసుకోలేదు. రోగుల్ని మంచం నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి మార్చడమే నా పని. ఆ పనిలో మనిషి ఎంత చిన్నబోతాడో నాకు తెలుసు. ఆ తాత మొహంలో అదేమీ లేదు.

మన పల్లెవెలుగు బస్సుల మెట్లు ఎత్తు. మా అవ్వ ఎక్కుతుంటే పైనుంచి ఇద్దరు చేతులందుకునేవాళ్లు, కింద నుంచి ఒకరు పట్టుకునేవాళ్లు, "పెద్దామెకి సీటియ్యండి సామీ" అని కండక్టర్ కేకేసేవాడు. ఆ ప్రేమని నేను తక్కువ చేయను. కాకపోతే మా అవ్వ, అందరికీ భారమైపోతున్నానని చివరి రోజుల్లో బస్సెక్కడమే మానేసింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఇక వెంకన్న సామికి ఇష్టమైన తమిళ నెల పెరటాసిలో వచ్చే శనివారాలు. చిత్తూరు జిల్లాలో ఆ నెలంతా ఎంత నిష్ఠగా ఉంటామో చెప్పక్కర్లేదు. సింగపూర్‌లో సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, 1855 నాటిది. ఫారర్ పార్క్ స్టేషన్‌లో దిగితే నడిచిపోయే దూరం. ఆ శనివారాల్లో రైలుకి పండగ కళ వస్తుంది. పట్టుచీరలు, పంచెలు, మల్లెపూల వాసన. అలాంటి ఒక శనివారం పక్కనే కూర్చున్న తమిళ అవ్వ "కోయిలుకా?" అని, అంటే గుడికేనా అని, తనే అడిగింది. ఏ ఊరని అడిగితే చిత్తూరు, తిరుపతి పక్కన అన్నాను. అంతే, నా చెయ్యి పట్టుకుని స్టేషన్ వచ్చేదాకా వదల్లేదు. తర్వాతి శనివారాల్లోనూ కలిసింది. ఆ నెల చివరి శనివారం పసుపు గుడ్డలో కట్టిన ముడుపు నా చేతిలో పెట్టి, ఈ కాళ్లతో ఇంక కొండకి రాలేను, నువ్వు పోయినప్పుడు హుండీలో వెయ్యమ్మా అంది.

ఈ సెలవులో ముందు చేసిన పని అదే. తిరుపతిలో కొండ బస్సెక్కాను. అలిపిరి దగ్గర అందరం దిగి, సామాన్లు తనిఖీ చేయించుకుని మళ్లీ ఎక్కాక, మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక అక్క నా చేతిలో పసుపు గుడ్డ చూసింది.

"ఏం పాపా, ముడుపా? పెండ్లి కుదరాలని మొక్కుకున్నావా?"

"నాది కాదక్కా. సింగపూర్‌లో రైల్లో ఒక అవ్వ ఇచ్చింది."

"రైల్లోనా! ఎవురామె, మీకు చుట్టమా?"

"కాదు. శనివారాలు గుడికి పోతా ఉంటే కలిసేది."

ఇంతలో వెనక సీటావిడ ముందుకు వంగింది. "ఆయమ్మ పేరు, గోత్రం చెప్పుకుని వెయ్యి పాపా." పేరు నాకు తెలియదు. తమిళంలో అవ్వని పిలిచినట్టు పాట్టీ అనే పిలిచేదాన్ని. ఆమె నన్ను నా పేరు అడగలేదు, నేనూ అడగలేదు. ఆ మాటే చెప్తే బస్సులో ఆ నాలుగు వరుసలూ చర్చలో పడ్డాయి. పేరు లేకుండా వేస్తే మొక్కు చేరుతుందా చేరదా అని ఒకరంటే ఒకరు అందుకున్నారు. చివరికి మదనపల్లె అక్కే తేల్చేసింది. "ఇచ్చింది ఎవురో సామికి తెలుసులే. గోవిందా అని వెయ్యి." అలాగే వేశాను.

ఎవరన్నా అడిగితే రెండూళ్ల మనుషులూ నావాళ్లేనని చెప్తాను. కానీ ఒక్క విషయం నా మనసులో నలుగుతూనే ఉంది. సింగపూర్‌లో రాత్రి పదిన్నరకి డ్యూటీ దిగినా ఒంటరిగా స్టేషన్‌కి నడుస్తాను. రైలు ఎన్ని నిమిషాల్లో వస్తుందో బోర్డు మీద కనిపిస్తూ ఉంటుంది. భయం లేదు కాబట్టే పక్కనున్న మనిషిని చూసే తీరిక మనసుకి ఉంటుంది. చిత్తూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో, రాత్రి 9 గంటలకి దిగితే షేర్ ఆటో నిండేదాకా రోడ్డు మీద నిలబడాలి. లేదంటే నాన్న టీవీఎస్ వేసుకుని గేటు దగ్గర కాచుకుని ఉండాలి. ఆ టెన్షన్‌లో పక్కన ఎవరున్నారో ఎవరికి కావాలి? నాతో పనిచేసిన పిల్లలు ఇప్పటికీ అలాగే నిలబడుతున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి చార్జీ లేదు. మంచిదే, ఎంతోమందికి ఆసరా అయింది. రాత్రి ఆ వేళకి బస్సు కూడా ఉండాలి కదా.

అందుకని ఆర్టీసీ డిపో మేనేజరుకి ఒక అర్జీ రాశాను. రాత్రి 9 దాటాక, ఆసుపత్రులు ఎక్కువగా ఉన్న వీధి నుంచి బస్టాండు దాకా రోజూ ఒకే వేళకి ఒక్క బస్సు వేయమని. పాత స్నేహితురాళ్ల సంతకాలు సగం వచ్చాయి. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లవి రేపు పొద్దున గేటు దగ్గరే నిలబడి తీసుకుంటాను.